పందిరి కరిగేలోపు

1. మాఘం. చిక్కటి మంచు

ఈ ఉదయం వలల నుంచి నీళ్లు ధారగా కారాయి. నా వంతు వల కొండ భుజం మీద, గాలి మలుపు తిరిగే చోట ఉంది. కర్రకు గుడ్డ చుట్టి పైనుంచి కిందికి రాస్తూ వస్తే, వలకళ్లలో చిక్కుకున్న మంచంతా నీరై కాలువలోకి జారుతుంది. ఈ మబ్బువలస ఊళ్లో డాక్టరైనా, నాలాంటి రసాయనాల మనిషైనా ఈ పని తప్పదు. తుడిచినవాళ్లకే నీళ్లు.

కింద, ఒకప్పుడు తోటలున్న చోట, ఇప్పుడు సముద్రం. మంచు విడిపోయినప్పుడు మొండి కొబ్బరిచెట్లు నీళ్లలోంచి తలలెత్తి కనిపిస్తాయి. అక్కడ బతికినవాళ్లలో చాలామందికి మూత్రపిండాలు ఎండిపోయాయట. బావినీళ్ల వల్లో, ఎండలో పని వల్లో, ఇంకెందువల్లో తేలేలోపే సముద్రం పైకి వచ్చేసింది. ఊరు కొండెక్కింది. జబ్బు కూడా ఊరితోపాటే ఎక్కింది.

పక్క వల దగ్గర ఊర్వశి చిరుగులు కుడుతోంది. ముప్పై దాటిన మనిషి. ఎడమ చేతి నరం రక్తం కడిగే కుర్చీకి తగిలించి తగిలించి తాడులా ఉబ్బి ఉంటుంది. ఊరంతటికీ నీళ్లు పట్టే వలలు ఆమె అల్లినవే. ఆమెకు మాత్రం రోజుకు చిన్న గ్లాసుడు నీళ్లే. అంతకు మించి తాగితే ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరాడదు. దాహమేస్తే తడి బొటనవేలితో పెదవులు రుద్దుకుని ఊరుకుంటుంది.

“ఇందమ్మా, నా మొలక ఎలగున్నాది?” అని అడిగింది సూది ఆపకుండానే.

“చిక్కుడు గింజంత అయింది.”

“సూడొచ్చునా?”

వలలు తుడవడం అయ్యాక ప్రయోగశాలకు తీసుకొచ్చాను. వెచ్చని గాజుపాత్రలో, లేత గులాబీ రంగు ద్రవంలో అది తేలుతోంది. ఊర్వశి మోచేతి కింద గీరి తీసిన కాస్త చర్మం నుంచే అది పుట్టింది. ఆ కణాలు తాము చర్మమన్న సంగతి మరిచిపోయేలా చేసి, తల్లి కడుపులోని తొలిరోజులకు వెనక్కి నడిపించి, అక్కడి నుంచి మరో దారిన పంపించాం. ఇప్పుడవి తమను మూత్రపిండం అనుకుంటున్నాయి. అనుకున్నట్టే వంపు తిరుగుతున్నాయి.

ఊర్వశి చాలాసేపు వంగి చూసింది. ఆమె ఊపిరికి గాజు మసకబారింది. కొంగుతో తుడిచి మళ్లీ చూసింది.

“ఇది నానేనా?”

“నువ్వే.”

“నాకంటే నిమ్మళంగా ఉన్నాది” అంది.

2. మాఘం. ఎండ పలచగా ఉంది

ఊర్వశికి మొలక నాటాం.

నాటింది డాక్టర్ నీలాచలం గారు. యాభై దాటిన మనిషి, ఈ ఊరివారే. మొలకలు పెంచడం ఆయన పని. కత్తి పట్టుకున్నప్పుడు మాట్లాడరు. కింద పెట్టాక ఆపరు.

మొలకను అలాగే ఒంట్లో పెడితే మెత్తటి ముద్దలా కూలిపోతుంది. అందుకని చుట్టూ ఒక జిగురు పోస్తాం. ఇక్కడ అందరూ దాన్ని పందిరి అంటారు. ఒంటి రక్తనాళాలు తీగల్లా ఆ జిగురులోకి పాకి మొలకను అందుకోవాలి. అందుకున్నాక జిగురు కరిగి వాటికి చోటివ్వాలి. ముందే కరిగితే మొలక కూలుతుంది. అసలు కరగకపోతే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. అది ఏ వేగంతో కరగాలో చూడడం నా పని. మైదానంలోని విశ్వవిద్యాలయం నుంచి నన్ను పిలిపించింది దానికే.

అంతకుముందు ఇద్దరికి నాటారు. ఇద్దరిలోనూ పందిరి ముందే కరిగింది. వాళ్లు మళ్లీ కుర్చీకే వెళ్లారు. నా గాజు గొట్టాల్లో మాత్రం అదే జిగురు, అదే వేడిలో, నెలల తరబడి నిలుస్తోంది. శరీరంలో ఏదో తేడా చేస్తోందనుకుని ఈసారి పందిరి చిక్కగా పోశాం.

ఒంట్లో ఏం జరుగుతోందో తెలియడానికి మాకున్నవి రెండే. జిగురుతో పెనవేసిన ఒక నీలి రంగు ఉంది. జిగురు కరిగిన కొద్దీ ఆ రంగు రక్తంలోకి వస్తుంది. వేలి మీద పొడిచి చుక్క తీసి చూస్తే, నీలం ఎంత పెరిగితే అంత కరిగిందని అర్థం. రెండోది నీలాచలం గారి దగ్గరుండే చెవిగొట్టం. దాన్ని నడుము మీద ఆనిస్తే రక్తం పారే చప్పుడు వినిపిస్తుంది. మొలకలోకి రక్తం చేరిన రోజున అక్కడ చప్పుడు మొదలవుతుంది. నీలం నిండేలోపు చప్పుడు రావాలి.

సాయంత్రం మెలకువ వచ్చాక ఊర్వశి పక్కకు తిరగబోయింది.

“తిరక్కే” అంది ఆమె అక్క కాంతమ్మ.

“దానికి నొప్పెడతాదేటో అని, అప్పా” అంది ఊర్వశి. దానికి అంటే మొలకకు.

3. మాఘం చివర. గాలి పడిపోయింది

గాలి ఆగితే కొండ మీద కరెంటు ఉండదు. ఉన్న కాస్తా మొలకల గదికి, మందుల మంచుపెట్టెకు ఇచ్చేస్తారు. నా గొట్టాల్లో ఉప్పునీరు తిప్పే పంపు ఆగిపోయింది. నేను వలల దగ్గర ఉన్నాను. తిరిగొచ్చేసరికి, పంపు ఆగిన గొట్టాల్లో జిగురు గట్టిగా లేదు. పల్చటి బెల్లం పాకంలా అడుగున కదులుతోంది.

ఒక గొట్టం దించి వెలుతురుకు పట్టి చూశాను. తర్వాత పరీక్ష కాగితం ముంచాను. పులుపు.

ఇన్నాళ్లూ నా కళ్లముందే ఉంది. జిగురు కరిగితే పుల్లటి ముక్కలవుతుంది. ఆ పులుపు పక్కనున్న జిగురును ఇంకా తొందరగా తెంపుతుంది. తెగినకొద్దీ పులుపు, పులుపు పెరిగినకొద్దీ తెగడం. మొదట ఏమీ జరుగుతున్నట్టే ఉండదు. ఒకచోట మలుపు తిరిగి, ఆ తర్వాత తనను తానే తరుముకుంటూ పోతుంది. నా గొట్టాల్లో నీళ్లు తిరుగుతూ పులుపును ఎప్పటికప్పుడు కడిగేస్తున్నాయి. ఒంట్లో అలా కడగడానికి రక్తం రావాలి. రక్తం ఇంకా మొలక దాకా చేరలేదు.

పందిరి చిక్కగా పోశాం. చిక్కనయ్యేసరికి పులుపు లోపలే చిక్కుకుంటుంది. మేలనుకుని చేసిన పని మలుపును ఇంకా దగ్గరకు తెచ్చింది.

ఊర్వశి ఇవాళ్టి చుక్కలో నీలం, దూరపు కొండ రంగంత లేతగా ఉంది. అందంగా ఉంది. చూడాలంటే భయమేసింది.

4. ఫాల్గుణం. ఉదయమంతా మబ్బు

“తీసేద్దామా?” అని అడిగాను నీలాచలం గారిని.

“తీస్తే మొలక పోతాది. మళ్ళీ పెంచాలంటే ఏడాది. ఆమె సెయ్యి సూసినావా? నరం మూసుకుపోతన్నాది. ఏడాది పాటు కుర్చీ మీద నిలవదు.”

“పులుపు విరగడానికి వంటసోడా ఇస్తే?”

“రక్తంలో పులుపు తగ్గుతాది. జిగురు లోపలికి అదెలగ ఎల్తాది? రక్తమే ఎల్లలేదంటన్నావు కదా.”

నిన్నంతా ఆలోచించి తెచ్చిన కాగితం ఆయన ముందు పెట్టాను. దాని మీద రెండు గీతలు. ఒకటి పందిరి కరిగే వేగం, ఇంకొకటి రక్తనాళాలు పాకే వేగం. వేడి తగ్గితే రెండూ నెమ్మదిస్తాయి, కానీ ఒకేలా కాదు. ప్రతి రసాయన చర్యకూ దాటవలసిన ఒక గట్టు ఉంటుంది. గట్టు ఎత్తుగా ఉన్నకొద్దీ చలి ఆ చర్యను ఎక్కువ ఆపుతుంది. జిగురు దాటాల్సిన గట్టు పెద్దది. ఒంటి వేడి మూడు డిగ్రీలు తగ్గించగలిగితే, జిగురు బాగా నెమ్మదిస్తుంది, నాళాలు కొంచెమే నెమ్మదిస్తాయి. ఆ తేడాలో మాకు సమయం దొరుకుతుంది.

ఆయన కాగితం చూసి కళ్లజోడు తీశారు.

“నీ గట్టు లెక్క సీసాలోది, ఇందుమతీ. ఒళ్లు సీసా కాదు. చల్లబడితే గుండె తడబడతాది.”

“తెలుసు.”

“నడుము మీద మంచుగడ్డలు పెడితే సాలదా?”

“చర్మమే చల్లబడుతుంది. మొలక లోతుగా ఉంది. ఒళ్లంతా చల్లబడాలి. రోజుల తరబడి.”

ఇంత చల్లగా, ఇన్నాళ్లు ఒకేలా ఉండే చోటు కొండ మీద ఒకటే ఉంది. వేసవి కోసం మంచునీళ్లు నిలవచేసే రాతి తొట్టి. కొండ లోపలికి తొలిచి కట్టింది. దాని తాళం కాంతమ్మ దగ్గర ఉంటుంది. నీటి పెద్ద ఆమే.

ముందు ఊర్వశికి చెప్పాం. గుండె సంగతితో సహా నీలాచలం గారు ఏదీ దాచలేదు. ఆమె మొత్తం విని,

“అంటే నీళ్లలో పడుకోవాలి” అంది.

“అవును.”

“తాగకూడదు.”

“తాగకూడదు.”

కిటికీలోంచి మబ్బు లోపలికి వచ్చి మా మధ్య నిలబడింది. ఊర్వశి చేత్తో దాన్ని కాస్త పక్కకు తోసింది.

“నా బతుకంతా నీళ్ల పక్కనే గదమ్మా. ఈసారి లోపలికి ఎల్తాను. అంతే గదా” అంది.

5. ఫాల్గుణం. ఎండ

కాంతమ్మ మొదట ఒప్పుకోలేదు.

“ఇంకెవరి సెల్లికైనా అయితే ఈపాటికి తాళం ఇచ్చేద్దును. నా సెల్లికి నానెలగ ఇస్తాను?” అంది నాతో. మాట గట్టిగానే ఉంది. పొయ్యి మీద చోడి అంబలి అడుగంటుతుంటే మాత్రం గమనించలేదు.

మర్నాడు వలల కింద ఊరిని కూర్చోబెట్టింది. ఊర్వశి రాలేదు. అడుక్కున్నట్టుంటుందని ఇంట్లోనే ఉండిపోయింది. కాంతమ్మ సంగతి చెప్పి, తాళంచెవి తీసి అందరి మధ్యా రాతి మీద పెట్టింది.

“నానుంటే మీరు నా మొకం సూసి మాటాడతారు. నాను ఎల్లిపోతాను. మీరు ఏటనుకున్నా నాకు సమ్మతమే” అని చెప్పి కిందికి నడిచింది. కాలువ మలుపు దగ్గర మాకు వీపు చేసి కూర్చుంది.

 తర్వాత సింహాద్రి తాత లేచాడు. ఊళ్లో అందరికంటే పెద్దవాడు.

“ఆ మనిసి పడుకున్న నీళ్లు మరి తాగడానికి పనికిరావు. వేసవికి పిల్లలకేటి పోస్తాం? అది సెప్పండి ముందు.”

అది న్యాయమైన ప్రశ్న. నేను లేచి, ఆ నీళ్లను ఇసుకలోంచి వడకట్టి కడుగుళ్లకూ మొక్కలకూ వాడుకోవచ్చని, తాగే నీళ్లు మాత్రం వానలొచ్చేదాకా తగ్గించుకోవాలని చెప్పాను. తగ్గితే ఎంత తగ్గుతాయో కూడా చెప్పాను. అది విన్నాక కొందరు తలలు దించుకున్నారు.

“ఊర్వశి రోజూ ఎన్ని నీళ్లు తాగతాది?” అని వెనక నుంచి ఒకామె అడిగింది.

నీలాచలం గారు తన జేబులోంచి మందు కొలిచే చిన్న గ్లాసు తీసి చూపించారు. 

సింహాద్రి తాత ఆ గ్లాసును చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పి చూసి, ఇచ్చేశాడు. తర్వాత వంగి రాతి మీది తాళంచెవి తీసుకుని, కర్ర ఊనుకుంటూ కాలువ మలుపు దాకా తనే నడిచి వెళ్లాడు. ఆయన కాంతమ్మతో ఏమన్నాడో మాకు వినిపించలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మాత్రం కనిపించింది.

6. ఫాల్గుణం. లోపల వాతావరణం తెలియదు

తొట్టి లోపల వెలుతురు ఆకుపచ్చగా ఉంటుంది. పైన రాతి చీలికలో నాచు పెరిగింది. ఎండ దాన్ని దాటుకుంటూ కిందికి దిగుతుంది. ఎక్కడినుంచో ఒక చుక్క పడుతుంది. దాని చప్పుడు గోడలన్నీ తిరిగి వచ్చేలోపు ఇంకో చుక్క.

ఊర్వశి కోసం నీళ్లలో ఒక వల ఉయ్యాల కట్టాం. ఆమె తనే అల్లింది. మెడ దాకా నీళ్లలో, తల మాత్రం బెండు దిండు మీద. మొదటిరోజు పళ్లు టకటకలాడాయి. నీలాచలం గారు వణుకు తగ్గే మందు ఇచ్చారు. ఆ తర్వాత ఆమె ముఖం మెల్లగా తేలికపడింది. రక్తం కడగాల్సిన రోజున పైకి తీసి, నడుముకు తడిగోనె చుట్టి కుర్చీలో కూర్చోబెడతాం. పని అయ్యాక మళ్లీ నీళ్లలోకి.

ఊళ్లో తాగే నీళ్లు తగ్గాయి. ఎవరూ మాతో ఆ ఊసెత్తలేదు. గుమ్మాల్లో చెంబులు మాత్రం చిన్నవయ్యాయి.

చుక్క తీశాను. నీలం నిన్నటి నీలమే.

7. ఫాల్గుణం. బయట మంచు పడిందట

చలిలో ఊర్వశి మాట నెమ్మదిస్తోంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య పైన చుక్క పడడం వినిపిస్తుంది. పగలంతా నేను ఆమె పక్కన రాతి మెట్టు మీద కూర్చుంటాను. ఒంటి వేడి చూస్తాను, నాడి చూస్తాను, ఆమె చెప్పేది వింటాను.

“కలొచ్చినాది” అంది ఇవాళ.

“చెప్పు.”

“కింద... తోటలోకి ఎల్లినాను. సముద్రం లోపలే ఉన్నాది తోట. నడిస్తే ఇసక పైకి లేస్తన్నాది, మెల్లగా దిగతన్నాది. ఆడోళ్లు కాయలేరుతున్నారు. ఏరిన కాయ సేతిలోంచి పైకి తేలిపోతన్నాది. మళ్ళీ ఇంకోటి ఏరతారు. ఎవులికీ కంగారు నేదు.”

“నువ్వేం చేస్తున్నావు?”

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

“మా అమ్మ ఉన్నాది. బిందె ఎత్తి పట్టుకున్నాది. దోసిలి పట్టే అంటన్నాది. నాను వొద్దంటన్నాను. డాక్టరుగారు తిడతారు అంటన్నాను. అమ్మ నవ్వుతన్నాది. సుట్టూ ఇంత నీరుంటే ఏ డాక్టరే, అంటన్నాది.”

నేనూ నవ్వాను. నవ్వు రాతి గోడల మీద తిరిగి, ఇంకెవరో నవ్వినట్టు ఆలస్యంగా వెనక్కి వచ్చింది.

నా సంగతీ వింతగానే ఉంది. బయటికి వెళ్తే ఎండ, జనం, గాలికి కొట్టుకునే వలలు, అన్నీ మరీ వేగంగా కదులుతున్నట్టు అనిపిస్తాయి. లోపలికి వస్తే ప్రాణం కుదుటపడుతుంది. జీవితమంతా చర్యల వేగం కొలిచాను. వేగం తగ్గినప్పుడు లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. మూడు డిగ్రీల కింద మరో ఊరుంది. అక్కడ కాయలు పైకి తేలతాయి, ఎవరికీ కంగారుండదు.

నీలం కొద్దిగా పెరిగింది. నీలాచలం గారు చెవిగొట్టం ఆనించి చాలాసేపు విన్నారు. తల అడ్డంగా ఊపారు. చప్పుడు లేదు.

8. చైత్రం. వేడిగాలి

మంచు తగ్గిపోయింది. వలలు పొడిగా వేలాడుతున్నాయి. తొట్టిలోకి కొత్త చల్లనీళ్లు రావడం ఆగింది. ఉన్న నీళ్లు మెల్లగా వెచ్చబడుతున్నాయి. ఊరివాళ్లు తడిపిన గోనెలు తెచ్చి తొట్టి గుమ్మానికి కట్టారు. గాలి వాటిలోంచి వస్తే కాస్త చల్లబడుతోంది.

మధ్యాహ్నం ఊర్వశి నాడి పట్టుకున్నాను. రెండు కొట్టి ఆగింది. మళ్లీ కొట్టింది. మళ్లీ ఆగింది. ఈసారి ఆ ఖాళీ చాలా పొడుగ్గా అనిపించింది.

నేను, నీలాచలం గారు, కాంతమ్మ కలిసి ఆమెను పైకి ఎత్తాం. కంబళ్లు చుట్టాం. ఆయన ఏదో సూది వేశారు. కాసేపటికి నాడి దారిలో పడింది. ఊర్వశి బుగ్గల్లోకి రంగు వచ్చింది. ఒళ్లు వెచ్చబడింది. కాంతమ్మ గోడకు ఆనుకుని కూలబడింది.

మర్నాడు ఉదయం చుక్క తీసి చూశాను. నీలం ఒక్కసారిగా ముదిరింది. సాయంకాలపు సముద్రంలా. మలుపు దగ్గర పడింది.

నీలాచలం గారికి చూపించాను. ఆయన చెవిగొట్టంతో విన్నారు. చప్పుడు లేదు.

“మళ్ళీ దింపితే గుండె ఆగిపోవొచ్చు. దింపకపోతే ఈ వారంలో మొలక కూలిపోతాది” అన్నారు. ఆ మాట ఊర్వశి ముందే అన్నారు.

అందరూ నా వంక చూశారు. కాగితం మీద గీతలు గీసింది నేనే. కానీ ఆ మధ్యాహ్నం నా వేళ్ల కింద వచ్చిన ఖాళీ ఇంకా నా చేతిలోనే ఉంది. “వద్దు, ఊర్వశీ. నాకు భయంగా ఉంది. మొలక పోతే పోనీ. మళ్లీ పెంచుదాం” అన్నాను.

“ఏడాదా?” అంది ఊర్వశి. ఎడమ చెయ్యి చాచి చూపించింది. “ఇది ఏడాది ఉంటాదా?”

నీలాచలం గారు ఆ నరం మీద వేలు ఆనించి తీసేశారు.

“నీళ్లలో నాకు బాధ నేదు, ఇందమ్మా. బయటే బాధ. కుర్చీలో పడుకుంటే నా రక్తం ఎటో ఎల్తన్నట్టుంటాది. అక్కడ పడుకుంటే ఏదో నా కాడికి వొస్తన్నట్టుంటాది. వొచ్చీదాన్ని మద్దెలో ఆపీయకండి.” తర్వాత అక్క వైపు తిరిగింది. “అప్పా, నువ్వు సెప్పు.”

కాంతమ్మ చాలాసేపు చెల్లెలి పాదాలు రుద్దుతూ కూర్చుంది. ఆఖరికి, “గుండె తడబడితే నాను పిలుస్తాను. పిలిస్తే పలకాలి. పలక్కపోతే అప్పుడే లాగీస్తాను, నువ్వెంత ఏడిసినా సరే” అంది.

“పలుకుతాను.”

ఈసారి మూడు కాకుండా రెండు డిగ్రీలే చల్లబరుద్దామని నీలాచలం గారూ నేనూ ఒప్పందానికి వచ్చాం. గుండెకు కాస్త ఊరట, పందిరికి కాస్త నష్టం. మధ్యాహ్నానికల్లా ఊర్వశి మళ్లీ నీళ్లలో ఉంది.

9. చైత్రం. లోపల ఆకుపచ్చ వెలుతురు

కాంతమ్మ నీళ్ల పక్క మెట్టు వదలడం లేదు. “ఒసే ఊర్వశీ” అంటుంది. నీళ్లలోంచి “ఓయ్” అని వస్తుంది. కాసేపాగి మళ్లీ “ఒసే.” మళ్లీ “ఓయ్.” రోజంతా ఇదే. వింటూ వింటూ నేను కూర్చున్నచోటే జోగుతుంటాను. జోగులో ఆ రెండు గొంతులూ ఒకే మనిషి ఊపిరి తీసుకుని వదులుతున్నట్టు వినిపిస్తాయి. ఒక్కోసారి “ఓయ్” రావడానికి ఆలస్యమవుతుంది. అప్పుడు మాత్రం ఇద్దరమూ లేచి నిలబడతాం.

నీలం పెరుగుతోంది. నెమ్మదిగానే, కానీ ఆగకుండా.

ఇవాళ నీలాచలం గారు చెవిగొట్టం ఆనించి, ఎప్పటిలా తల ఊపబోయి ఆగిపోయారు. కనుబొమలు ముడిపడ్డాయి.

“ఆ సుక్క” అన్నారు. “ఆ పైనుంచి పడుతున్న సుక్కను ఆపండి ముందు.”

కాంతమ్మ పై మెట్టెక్కి, పైటకొంగు చింపి ఉండ చుట్టి, రాతి చీలికలోకి దోపింది. చుక్క ఆగింది. తొట్టిలో ఇన్నాళ్లలో మొదటిసారి పూర్తి నిశ్శబ్దం వచ్చింది. ఆయన మళ్లీ విన్నారు. కదలకుండా, నీళ్లలో నడుము దాకా నిలబడి, పొద్దున వేసుకున్న చొక్కాతోనే.

తర్వాత గొట్టం నా చెవికి పెట్టారు.

మొదట ఏమీ వినిపించలేదు. నా గుండె చప్పుడు నాకే అడ్డం వస్తోంది. ఊపిరి బిగపట్టాను. అప్పుడు, చాలా దూరాన, గోడ అవతల ఎవరో ఇసుకను దోసిట్లోంచి జార్చుతున్నట్టు. జారడం, ఆగడం, జారడం. ఊర్వశి నాడితోపాటే.

కాంతమ్మ విన్నాక గొట్టం వదల్లేదు. మేమే తీసుకోవాల్సి వచ్చింది. ఊర్వశికి చివరన పెట్టాం. ఆమె కళ్లు సగం తెరిచి వింది.

“వొచ్చీసినాదా” అంది. అది ప్రశ్న కాదు. ఇంటికొచ్చిన మనిషిని లోపలికి రమ్మన్నట్టుగా ఉంది.

10. చైత్రం చివర. ఎండ

తొట్టిలోంచి పైకి తీసుకొచ్చాం. ఒకేసారి కాదు, మెల్లమెల్లగా, రోజుకు కాస్త వెచ్చగా. నీలం ముదిరింది, ముదిరి, ఆగింది, ఆ తర్వాత పలచబడసాగింది. పందిరి పోయింది. మొలక నిలబడింది. చప్పుడు ఇప్పుడు గొట్టం ఆనించగానే వినిపిస్తోంది.

కానీ మొలక ఇంకా పని మొదలుపెట్టలేదు. రక్తం వస్తోంది, పోతోంది, అంతే. నాటినప్పుడు దాని నుంచి మూత్రాశయానికి ఒక సన్నటి నాళం కలిపాం. దాంట్లోకి ఏదీ దిగలేదు. నీలాచలం గారు రోజూ కాంతమ్మ ఇంటికి వెళ్లి, గుమ్మంలో కూర్చుని, ఊరి సంగతులు మాట్లాడి, అసలు సంగతి అడక్కుండా వచ్చేస్తున్నారు.

నాకిక్కడ ఇక పని లేదు. పందిరి గురించి రాయాల్సిందంతా రాసేశాను. చిక్కగా కాకుండా పొరలుగా పొయ్యాలి, ప్రతి పొరలోనూ పులుపును మింగే సున్నం కలపాలి, ఇంకెవరినీ నీళ్లలో పడుకోబెట్టనక్కర్లేకుండా చూడాలి. మైదానానికి వెళ్లే బండి ఉంది. నేను ఎక్కలేదు. సాయంత్రాలు ఖాళీ తొట్టి గుమ్మం దాకా నడిచి వెనక్కి వస్తున్నాను. అక్కడ మెట్టు మీద కూర్చుంటే ఇప్పటికీ మాటలు నెమ్మదిస్తాయి.

ఊర్వశి మళ్లీ వలలు కుడుతోంది. కుర్చీకి వెళ్తోంది. చెయ్యి రోజురోజుకూ మొండికేస్తోంది. నిన్న సూది రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది.  వల కుడుతూ మధ్యలో నడుము మీద చెయ్యి వేసుకుంటుంది, నిద్రపోతున్న పిల్లను జోకొట్టినట్టు.

11. వైశాఖం. ఉదయం, లేత మబ్బు

కాంతమ్మ ఇంటి అరుగు మీద ముగ్గురం అంబలి తాగుతున్నాం. నీలాచలం గారు రేవు దగ్గర విరిగిన గాలిమర గురించి చెబుతున్నారు. వాకిట్లో వల పరుచుకుని కూర్చున్న ఊర్వశి సూది ఆపింది. ముఖంలో ఏదో తెలియనితనం. ఎవరో పేరు పెట్టి పిలిస్తే ఎటు నుంచో తెలియక వింటున్నట్టు.

“ఏటే?” అంది కాంతమ్మ.

“ఏటో... బరువుగా ఉన్నాది. కింద.”

నీలాచలం గారి మాట ఆగిపోయింది. అంబలి గిన్నె కింద పెట్టి సంచిలోంచి గాజుసీసా తీశారు. ఇన్నాళ్లూ ఆయన దాన్ని రోజూ తెస్తున్నారని నాకప్పుడే తెలిసింది. “అమ్మా, ఇందులో పట్టు. మొదటిది నాకు కావాలి. పరీక్షించాలి” అని చేతిలో పెట్టారు.

ఊర్వశి సీసా పట్టుకుని పెరటి దొడ్డి వైపు నడిచింది. తలుపు వేసుకుంది.

మేం ముగ్గురం వెనకాలే వెళ్లి తలుపు బయట నిలబడ్డాం. అలా నిలబడడం మర్యాద కాదని ముగ్గురికీ తెలుసు. మబ్బు కొండ మీంచి దిగి పెరట్లోకి వచ్చింది. మా పాదాలు మాకు కనిపించడం లేదు. కాంతమ్మ నా భుజం పట్టుకుంది. వేళ్లు గుచ్చుకుంటున్నాయి.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత ఒక సన్నటి చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది, ఈసారి ఆగకుండా, సన్నగా, నేల మీద పడుతున్న నీళ్ల చప్పుడు. ఎవరైనా ఏ పెరట్లోనైనా, ఏ ఉదయమైనా, వినీ వినకుండా దాటిపోయే చప్పుడు. నీలాచలం గారు తలుపు పక్క గోడకు నుదురు ఆనించారు. కాంతమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూనే నోటి మీద వేలు పెట్టి నన్ను చప్పుడు చెయ్యొద్దంటోంది. నేనూ ఏడుస్తున్నట్టున్నాను.

చప్పుడు ఆగింది. లోపల చెంబు కదిలింది. తలుపు తెరుచుకుంది.

ఊర్వశి మమ్మల్ని చూసి సిగ్గుపడి కొంగు సర్దుకుంది. నీలాచలం గారు చెయ్యి చాచారు. ఆమె తన చేతిలోని సీసా వంక చూసుకుంది. అది పొడిగా, ఖాళీగా ఉంది.

“అయ్యో. మరిసిపోనాను బాబూ” అంది.

నీలాచలం గారు ఆ ఖాళీ సీసాను అందుకుని, దొడ్డి మెట్టు మీద కూర్చుండిపోయారు. కాంతమ్మ చెల్లెలి రెండు చెంపలూ అరచేతుల్లోకి తీసుకుని, ఆయనకు వినపడేలా చెప్పింది.

“మరేటి పర్వానేదు. మళ్ళీ వొస్తాది.”